అమ్మకు ఆరు నెలల ఎముకల ఇంజెక్షన్ ఉందా? టికెట్ కొనేముందు తేదీ చూడండి

కొత్తగా అమెరికా వచ్చి, హైదరాబాద్ నుంచి అమ్మానాన్నల్ని పిలిపించుకునే వాళ్లు ఇన్సూరెన్స్ గురించి, శంషాబాద్‌లో వీల్‌చెయిర్ గురించి అడుగుతుంటారు. నేను ముందు అడిగేది ఇంకొకటి: అమ్మకు ఎముకల కోసం ఆరు నెలలకోసారి ఇంజెక్షన్ వేయిస్తున్నారా?

దాని పేరు డెనోసుమాబ్. మా అమ్మకు దిల్‌సుఖ్‌నగర్‌లో ఉండగా మొదలుపెట్టారు. 42 ఏళ్లకే గర్భసంచితో పాటు అండాశయాలూ తీసేశారు, దానికి తోడు ఆస్తమాకి ఏళ్ల తరబడి స్టెరాయిడ్ మాత్రలు. ఎముకలు గుల్లబారడానికి ఆ రెండూ చాలు. ఎముకల గట్టిదనం కొలిచే డెక్సా స్కాన్‌లో టీ స్కోరు మైనస్ 3.1 వచ్చింది, మైనస్ 2.5కి దిగితేనే ఆస్టియోపొరోసిస్ (ఎముకలు గుల్లబారే జబ్బు) అంటారు. నాలుగు డోసులు సమయానికే పడ్డాయి. అయిదోది మా దగ్గరికొచ్చిన రెండో నెలలో పడాలి. ఇక్కడ ఖర్చెక్కువ, విజిటర్ ఇన్సూరెన్స్ పాత జబ్బుకి ఇవ్వనంది, "వెళ్లాక వేయించుకుంటాలే నాన్నా" అంది అమ్మ, నేనూ సరేనన్నాను. ఆలస్యమైతే ఏమవుతుందో మాకెవరూ చెప్పలేదు. తిరిగెళ్లిన వారానికే, తులసికోట దగ్గర నీళ్ల చెంబు కింద పెట్టబోయి వంగింది, అంతే, ఇక లేవలేకపోయింది. నడుం పట్టేసిందనుకున్నాం, ఎక్స్‌రే తీస్తే రెండు వెన్నుపూసలు నలిగిపోయి ఉన్నాయి.

ఈ మందు ఎముకను కరిగించే కణాల్ని అణిచిపెడుతుంది. డోసు ప్రభావం తగ్గగానే అవి ఒక్కసారిగా విరుచుకుపడతాయి, కట్టిన ఎముకంతా నెలల్లో పోతుంది, ముందుగా విరిగేది వెన్నే. వారానికోసారి వేసుకునే అలెండ్రోనేట్ మాత్ర అలా కాదు, ఎముకలోనే ఏళ్లు నిలుస్తుంది, ఒక వారం మర్చిపోయినా ఇంత ముప్పు రాదు (అదైతే పరగడుపున గ్లాసుడు మంచినీళ్లతో మింగి, అరగంట పడుకోకుండా ఉండాలి, కాఫీ ఆ తర్వాతే). అందుకే డెనోసుమాబ్ మానేయాల్సొస్తే డాక్టర్లు దాని బదులు అలెండ్రోనేటో, ఏడాదికోసారి సెలైన్‌లా ఎక్కించే జోలెడ్రోనిక్ యాసిడో ఇస్తారు. సొంతంగా మాత్రం ఆపకండి.

విజిటర్ వీసా మీద మామూలుగా ఆరు నెలలే ఉండనిస్తారు కదా, డోసు పడ్డ వారం పది రోజులకు ఫ్లైట్ ఎక్కించి, ఆ ఆరు నెలలూ పూర్తిగా ఉంచకుండా కాస్త ముందే తిరుగు టికెట్ తీస్తే తర్వాతి డోసు లోపు ఇంటికి చేరిపోతారు. అలా కుదరకపోతే ఇక్కడే వేయించండి, డబ్బు చూసుకోకండి, ఏడో నెల మాత్రం దాటనివ్వొద్దు. కాల్షియం, డి విటమిన్ సరిపడా ఉన్నాయో లేదో డాక్టర్‌ని ముందే అడగండి, పన్ను పీకించాల్సొస్తే ఈ ఇంజెక్షన్ సంగతి డెంటిస్టుకి చెప్పమనండి.

ఇవాళే ఫోన్ చేసి, ఫైల్లో చివరి డోసు తేదీ చదవమని అడగండి.