శివరాత్రి లోపు గాలం వేసేటప్పుడు

అల్లుడూ,

మొన్న ఫోన్లో నువ్వు చెప్పిందే ఇంకా మనసులో తిరుగుతోంది. ఆదివారం తెల్లవారుజామున గాజువాకలో బయల్దేరి, సబ్బవరం దగ్గర చెరువు గట్టు మీద తొమ్మిదిన్నర దాకా కూర్చున్నావు. గాలం తాడుకి కట్టి నీటి మీద తేలే బెండు ఒక్కసారి కూడా కదల్లేదు. ఎర మార్చావు, చోటు మార్చావు, చివరికి చెరువులో చేపే లేదనుకుని వచ్చేశావు. చేప ఉందిరా. నువ్వు సామాను సర్దుకున్న వేళకే అది మేతకి లేవడం మొదలుపెట్టి ఉంటుంది.

తెల్లవారుజామే మంచి వేళని నీకు చెప్పింది నేనే. అది ఎండాకాలం లెక్క. సంక్రాంతి దాటి శివరాత్రి వచ్చేదాకా ఆ లెక్క పనికిరాదు. చేపకి మనలాగ సొంత వేడి ఉండదు, నీళ్లు ఎంత చల్లగా ఉంటే దాని ఒళ్లూ అంతే. పైగా బొచ్చె, శీలావతి, బంగారు తీగ లాంటి ఈ జాతి చేపలకి మనకున్నట్టు జీర్ణాశయం ఉండదు. తిన్నది గొంతులో ఉండే పళ్లతో నలిగి నేరుగా పేగులోకి పోతుంది. నీళ్లు చల్లబడితే అరుగుదల మందగిస్తుంది, ఆకలీ మందగిస్తుంది. బొచ్చె, శీలావతి 25 నుంచి 30 డిగ్రీల నీళ్లలో బాగా మేస్తాయి. 20కి దగ్గరయ్యేసరికి మేత బాగా తగ్గించేస్తాయి.

మీ గాజువాకలో చలి అంతగా తెలీదు, సముద్రం కాచుకుంటుంది. సబ్బవరం దాటి చోడవరం, దేవరాపల్లి వైపు పోయేకొద్దీ రాత్రి చలి పెరుగుతుంది. చెరువు పైనీళ్లు రాత్రంతా చల్లబడి కిందికి దిగుతూ ఉంటాయి. తెల్లారేసరికి పైనా కిందా ఒకటే చలి. ఎండెక్కాక గట్టు పక్క మోకాల్లోతు నీళ్లు ముందు వేడెక్కుతాయి. చేప అప్పుడు కదులుతుంది. అందుకని ఈ రోజుల్లో పదకొండు నుంచి సాయంత్రం నాలుగున్నర దాకా కూర్చో. పొద్దున్న హాయిగా టిఫిను తిని బయల్దేరు.

ఇక అసలు మాట. చాలామంది గాలి వెచ్చబడగానే నీళ్లూ వెచ్చబడ్డాయనుకుంటారు. నేను స్టీల్‌ప్లాంటులో పనిచేసే రోజుల్లో ఒకసారి రథసప్తమి మర్నాడు ఎండ పేలిపోయింది, ఇంట్లో ఫ్యాను వేసుకున్నాం. ఈ రోజు చేప పడి తీరుతుందని నైట్ షిఫ్టు దిగి నిద్ర కూడా పోకుండా వెళ్లాను. పొద్దుగూకే దాకా ఒక్క చేప పడలేదు. నీళ్లలో చెయ్యి పెడితే మోచేతి దాకా జివ్వుమంది. అదే ఎండ వరసగా మూడు రోజులు కాసింది. నాలుగో రోజు అదే చోట, అదే ఎరకి రెండు శీలావతులు, ఒక బంగారు తీగ పడ్డాయి. పొయ్యి వెలిగించగానే ఎసరు మరగదు కదా, చెరువూ అంతే. ఒక్కరోజు ఎండ చూసి పరిగెత్తకు. రెండు మూడు రోజులు ఒకేలా ఉన్న వాతావరణం చూసుకుని వెళ్లు. వెచ్చగా ఉన్న రోజుల మధ్య ఒక్క రాత్రి గట్టిగా చలి కొట్టిందా, మర్నాడు ఆశ తగ్గించుకో. అక్వేరియం షాపులో దొరికే చిన్న థర్మామీటరు కొని దారం కట్టు. గట్టు దగ్గర ఒకసారి, లోతులో ఒకసారి ముంచి చూసి, చేప పడినా పడకపోయినా ఆ అంకెలు క్యాలెండరు మీద రాసుకో.

ఎక్కడ కూర్చోవాలంటే, ఈ నెలన్నరా ఉత్తరపు గట్టే. ఉత్తరపు గాలి కొడుతున్నంత కాలం ఆ గట్టు దాన్ని అడ్డుకుంటుంది, దక్షిణంగా వాలిన ఎండ నేరుగా ఆ ఒడ్డునీళ్ల మీద పడుతుంది. ఎదురు గట్టు మీద తాటిచెట్లు ఉంటే అటుపక్క నీళ్లు మధ్యాహ్నం దాకా నీడలోనే ఉంటాయి. తర్వాత మామిడి పూత పిందె కట్టే రోజులకి గాలి దక్షిణానికి తిరుగుతుంది. అప్పుడు ఆ గాలి వెచ్చటి పైనీళ్లని, దాంతోపాటు సన్నటి మేతని కూడా ఉత్తరపు గట్టుకే నెట్టుకొస్తుంది. గాలి ముఖాన కొడుతోందని చోటు మార్చేయకు, చేప అక్కడే ఉంటుంది.

బొచ్చె నోరు పైకి తిరిగి ఉంటుంది, అది పైనీళ్లలో మేసే చేప. శీలావతి నడి నీళ్లలో, ఎర్రమోసు, బంగారు తీగ అడుగున మేస్తాయి. వీటిలో చలికి బాగా ఓర్చుకునేది బంగారు తీగే. కాబట్టి చలి పూర్తిగా పోయేదాకా ఎర అడుక్కే దించు. ఎండెక్కి చేప నీటి పైకొచ్చి పొర్లినట్టు కనిపిస్తే బెండు కిందికి జరిపి లోతు తగ్గించు.

ఎర విషయంలో నువ్వు తప్పు చేస్తున్నావు. వేరుశనగ చెక్క, తవుడు కలిపి ముద్దలు ముద్దలుగా నీళ్లలో వేశానన్నావు. ఆకలి లేని చేపకి అంత మేత వేస్తే నీ గాలం దాకా ఎందుకొస్తుంది? ఒక్క గుప్పెడు వెయ్యి, చాలు. గాలానికి చిన్న ఎర్ర (వానపాము) ముక్క, లేదా శనగ గింజంత మెత్తటి పిండి. గాలం చిన్నది, తాడు సన్నది, బెండు తేలికది. ఈ కాలంలో చేప ఎరని లాక్కుపోదు, నోట్లో పెట్టుకుని అక్కడే ఉంటుంది. బెండు వణికినా, ఒక్క పిసరు పైకి లేచినా అదే పట్టు.

మబ్బు పడితే భయపడకు. రాత్రి మబ్బుంటే చెరువు వేడి అంతగా పోదు, మర్నాడు పొద్దున్న కూడా చేప పడొచ్చు. కానీ రెండు మూడు రోజులు ఎండ లేకుండా ముసురుకుంటే, ఆకుపచ్చగా ఉన్న చెరువుల్లో తెల్లారేసరికి ఆక్సిజన్ పడిపోతుంది. చేపలు నీటి మీదకొచ్చి నోళ్లు తెరుస్తూ ఉంటే ఆ రోజు గాలం వెయ్యకు. చెరువుని వేలంలో పాడుకున్నవాళ్లకి వెంటనే చెప్పు. వాళ్లు మోటారు పెట్టి నీళ్లు తిప్పుకుంటే చేపలు బతుకుతాయి.

ఇంకో రెండు విషయాలు. బొచ్చె, శీలావతి వానాకాలంలో గుడ్లు పెడతాయి. బంగారు తీగ మాత్రం జనవరి నుంచి మార్చి మధ్యలో కూడా పెడుతుంది, ఆ గుడ్లు నాచుకి, నీటి మొక్కలకి అంటుకుని ఉంటాయి. పొట్ట ఉబ్బిన తల్లి చేప పడితే తడి చేత్తో పట్టుకుని వదిలేయ్. ఆ నాచు తొక్కకు. చలికాలం చివర్లో కొన్ని చేపల ఒంటి మీద ఎర్రటి పుండ్లు కనిపిస్తాయి. అలాంటిది పడితే ఇంటికి తేకు, వేరే చెరువులో వెయ్యకు. నీ గాలం, వల సంచి కడిగి ఎండబెట్టాకే ఇంకో చెరువుకి తీసుకెళ్లు.

మేఘాద్రిగెడ్డ, ముడసర్లోవ వైపు వెళ్దామా అన్నావు. అవి ఊరు తాగే నీళ్లు, అడక్కుండా అడుగు పెట్టకు. ఊరి చెరువైనా మత్స్యకారుల సొసైటీ వాళ్లని అడిగి, వాళ్లు చెప్పిన డబ్బు కట్టి కూర్చో. వాళ్ల బతుకు ఆ నీళ్ల మీదే ఉంది.

వచ్చే ఆదివారానికి ముందు శుక్ర, శనివారాలు ఎండ నిలకడగా కాస్తే ఫోన్ చెయ్యి. నేను పెందుర్తి జంక్షన్‌లో పదింటికి నిలబడతాను. ఎర్రలు మన పెరట్లో అరటి మొదళ్ల దగ్గర తవ్వి ఉంచుతాను, నువ్వు థర్మామీటరు తీసుకురా.

ఇట్లు,
మీ మావయ్య