మైలుతుత్తం చల్లాక నీరు తేటపడినా గొర్రెలు జబ్బుపడటం గురించి

మైలుతుత్తం చల్లిన మూడో రోజుకు చెరువులో పచ్చతెట్టు పోయిందనీ, ఆ తేటనీరు తాగిన గొర్రెలు మాత్రం జబ్బుపడ్డాయనీ రాశారు. కారణం బహుశా ఆ మందు చల్లడమే. ఇలాంటి తెట్టు కట్టే నీలి ఆకుపచ్చ నాచు బతికి ఉన్నంతవరకు మైక్రోసిస్టిన్ అనే విషం చాలామటుకు దాని కణాల్లోనే ఉంటుంది. మైలుతుత్తంలోని రాగి తగిలి కణాలు పగిలితే అది నీటిలో కలిసి, నాచు కనుమరుగయ్యాక కూడా రోజుల తరబడి, ఒక్కోసారి వారాల తరబడి నిలుస్తుంది.

1. మందను వెంటనే వేరే నీటికి మళ్లించి, జబ్బుపడిన వాటిని పశువైద్యుడికి చూపించండి.

2. చాలామంది వదిలేసే పని ఇది: రంగు చూసి నమ్మకుండా, నీటిలో విషం ఎంత ఉందో ప్రయోగశాలలో పరీక్ష చేయించండి. తాగునీటికి ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన దీర్ఘకాలిక హద్దు లీటరుకు 1 మైక్రోగ్రాము. మరిగిస్తే ఈ విషం పోదు సరికదా, నీరు ఆవిరైన కొద్దీ చిక్కబడుతుంది. 2014 ఆగస్టులో ఈరీ సరస్సు నీటిని వాడే అమెరికా నగరం టొలీడోలో ఇదే విషం బయటపడినప్పుడు, నీటిని మరిగించవద్దని అధికారులు ప్రత్యేకంగా హెచ్చరించారు. దయచేసి ఇంట్లో పిల్లలకు కూడా ఆ నీరు ఇవ్వకండి.

3. తెట్టు మళ్లీ కడితే మైలుతుత్తం జోలికి పోకుండా, నాచును పెంచే భాస్వరాన్ని చెరువులోకి మోసుకొచ్చే మురుగు కాలువనూ పొలాల ఎరువునీటినీ ముందు మళ్లించండి.