గోల్డ్‌ఫిష్ వెల్లకిలా తేలుతుంటే ముందు మేత డబ్బా దాచేయండి

మీ గోల్డ్‌ఫిష్ రెండు రోజులుగా పక్కకు వాలిపోయి నీళ్ల పైనే ఉంటోంది, కిందికి దిగలేకపోతోంది, ఏ మందు వేయాలి అని అడిగారు. మందు సంగతి తర్వాత చూద్దాం. రోజుకు ఎన్నిసార్లు మేత వేస్తున్నారో మీరు రాయలేదు. నన్నడిగితే జబ్బు అక్కడే ఉంది.

మాది మల్కాజిగిరిలో అపార్ట్‌మెంట్. పాప పట్టుబట్టి కొనిపించుకున్న ఒరండా ఒకటి ఉంది మా ఇంట్లో. తల మీద బొప్పి కట్టినట్టు ఉంటుంది చూడండి, ఆ రకం. పేరు లడ్డూ. రెండేళ్ల కిందట సంక్రాంతికి భీమవరం దగ్గర మా అత్తగారి ఊరెళ్తూ తాళం పక్కింటి ఆంటీకి ఇచ్చాం. రోజు విడిచి రోజు నాలుగు గింజలు వేస్తే చాలని చెప్పాను. ఆరు రోజుల తర్వాత తెల్లవారుజామున సికింద్రాబాద్‌లో దిగి, ఆటో అబ్బాయితో బేరమాడి, అరిసెల డబ్బాలతో ఇంట్లో అడుగుపెడితే లడ్డూ వెల్లకిలా తేలుతోంది.

పోయిందనుకున్నా. దగ్గరికెళ్లి చూస్తే మొప్పలు ఆడుతున్నాయి. తోక కొట్టుకుంటూ నాలుగంగుళాలు కిందికి దిగుతుంది, తోక ఆగగానే గాలానికి కట్టిన బెండులా పైకి వచ్చేస్తుంది. పొట్టలో రూపాయి బిళ్లంత మేర నీళ్లకు పైనే ఉండిపోయి, అక్కడ చర్మం ఎర్రగా కందింది. ట్యాంకు అడుగున మేత గింజలు నాని, బూజు పట్టి దూదిలా ఉన్నాయి.

ఆంటీని అడిగాను. "నేనొస్తే చాలు, అద్దం కాడికొచ్చి నోరు తెరుస్తున్నదమ్మా. పండుగ పూట ఉపాసం ఎట్లుంచుత? మూడు పూటలా ఏసిన" అంది. ఏమనగలం? ఆవిడ ఇంటికి భోజనానికి వెళ్లినా అంతే, విస్తట్లో చెయ్యి అడ్డం పెట్టినా గరిటె ఆగదు. గోల్డ్‌ఫిష్ బుద్ధి కూడా దానికి తగ్గట్టే ఉంటుంది. ఇప్పుడే తిన్నా సరే, మనిషి కనిపిస్తే నోరు తెరుస్తుంది. దానికి మనలాగా జీర్ణాశయం ఉండదు, తిన్నది నేరుగా పేగుల్లోకే పోతుంది.

పదింటికి అక్వేరియం షాపు తెరవగానే పరుగెత్తాను. అతను ఫొటో కూడా చూడకుండా నీలం మందు సీసా చేతిలో పెట్టి పది చుక్కలు వేయమన్నాడు. దేనికి అంటే "అన్నిటికీ మేడమ్" అన్నాడు. మా వీధి చివర జంతువుల డాక్టరుగారు కుక్కల్ని, పిల్లుల్నే చూస్తారట. ఈలోగా మావారి మేనత్తగారు ఫోన్ చేసి, "పోతే పోనీవే, ఇంటికి రావాల్సిన కీడు అది తీసుకుపోతుంది" అని ఓదార్చారు. ఈశాన్యంలో చేపల తొట్టి పెడితే డబ్బే డబ్బు అని చెప్పేవాళ్లు, ఆ చేపకు ఎన్ని లీటర్ల నీళ్లు కావాలో ఒక్కరూ చెప్పరు. పుట్టినరోజు రిటర్న్ గిఫ్ట్ కింద ప్లాస్టిక్ కవర్లో చేపను కట్టిచ్చేవాళ్ల గురించి ఇంకో రోజు రాస్తాను, ఇప్పుడు మొదలుపెడితే బీపీ పెరుగుతుంది.

చివరికి పనికొచ్చే మాట చెప్పింది మా మామగారు. ఆయనకు చేపల చెరువులున్నాయి. శీలావతి, బొచ్చె తప్ప రంగు చేప జన్మలో పెంచలేదు. వీడియో కాల్‌లో చూసి, "అమ్మాయ్, మందూ గిందూ పోయకు. మబ్బు పట్టినా, చలి ముదిరినా మేం చెరువుకే మేత తగ్గించేస్తాం. ఆ గాజు డబ్బాలో అంత మేతేంటి? ముందు నీళ్లు మార్చి దాని కడుపు మాడ్చు" అన్నారు. ఫోన్ పెట్టేసే ముందు, "ఇంతకీ అది తినే చేపేనా?" అని కూడా అడిగారు.

తర్వాత కూర్చుని చదివితే ఆయన మాటకు కారణం దొరికింది. గోల్డ్‌ఫిష్ ఒంట్లో రెండు గదుల గాలి తిత్తి ఉంటుంది, స్విమ్ బ్లాడర్ అంటారు. దాని నుంచి సన్నటి గొట్టం ఆహారనాళంలోకి వెళ్తుంది. మామూలు పొడుగు చేపలకు ఇబ్బంది తక్కువ. ఒరండా లాంటివాటిని తరతరాలుగా ఎంచి ఎంచి పెంచి లడ్డూలా గుండ్రం చేశారు కదా, లోపల అన్నీ ఇరుకే. పేగులు ఉబ్బితే తిత్తి మీద ఒత్తిడి పడుతుంది. పైన తేలే గింజల కోసం ఎగబడినప్పుడు గాలి కూడా మింగుతుంది.

మూడు రోజులు పస్తు పెట్టాను. రోజూ మూడో వంతు నీళ్లు తీసేసి, ముందురోజు బకెట్లో పట్టి ఉంచిన నల్లా నీళ్లు పోశాను. అలా ఉంచితే క్లోరిన్ పోతుంది. ట్యాంకును సగం ఖాళీ చేసి కిటికీ పక్క నుంచి హాల్లోకి జరిపాం, జనవరి చలికి దాని అరుగుదల ఇంకా మందగిస్తుంది.

నాలుగో రోజు పచ్చి బఠాణీ రెండు గింజలు ఉప్పు లేకుండా మెత్తగా ఉడికించి, చల్లార్చి, తొక్క తీసి మినపగింజంత ముక్కలు చేశాను. నీళ్లలో వేస్తే అవి మునిగిపోయాయి, ఇదేమో దిగలేదు. చెయ్యి నీళ్లలో పెట్టి వేళ్ల మధ్య ముక్క పట్టుకుంటే, వాలిన మూతితోనే వచ్చి లాక్కుంది. మర్నాడు పొద్దున పాప కేక పెట్టింది. లడ్డూ వెనకాల జానెడు ఆకుపచ్చ దారం వేలాడుతోంది! ఇంటిల్లిపాదీ కాఫీ గ్లాసులతో ట్యాంకు ముందు నిలబడి చేప దొడ్డికి కూర్చోవడం చూశాం. ఆ పైన రెండు రోజులకు సమంగా ఈదింది.

కాబట్టి బఠాణీని మించిన మందు లేదని నేను ఎవరితోనైనా వాదిస్తా. కాకపోతే పొలుసులు పైకి లేచి ఒళ్లంతా ఉబ్బితే అది డ్రాప్సీ, దానికి బఠాణీ ఏం చేయలేదు. ఎప్సమ్ సాల్ట్ వేయమని ఎవరైనా చెబితే వంటింట్లో ఉప్పు వేసేయకండి, అది మెగ్నీషియం సల్ఫేట్, వేరే సరుకు.

ఇప్పుడు మునిగే గింజలే, అవీ ఐదు నిమిషాలు నానబెట్టి, రోజుకు ఒక్కసారే వేస్తున్నా. శనివారం నాతో పాటు దానికీ ఉపవాసం. అయినా ఎప్పుడైనా కాస్త ఎక్కువ తింటే సాయంత్రానికి ఒక పక్కకు ఒరుగుతుంది.

మొన్న సంక్రాంతికి నాలుగు రోజులే వెళ్లాం. మేత డబ్బా సూట్‌కేసులో పెట్టుకుని, ఆంటీకి తులసికి నీళ్లు పోసే పని మాత్రం అప్పజెప్పాను. తిరిగొచ్చేసరికి లడ్డూ నిక్షేపంగా ఉంది. తులసి వేళ్లు కుళ్లిపోయాయి.