ఫీజు కట్టే ముందు నాకు ఫోన్ చెయ్యి

చి.ల.సౌ. శారదకి,

పిన్ని ఆశీస్సులు. నువ్వు ఉద్యోగం మానేసి డిజైన్ చదువుతానంటున్నావని మీ అమ్మ ఫోన్ చేసింది. "ముప్ఫై ఆరేళ్లొచ్చాయి, ఆరో తరగతి చదివే పిల్లుంది, ఇప్పుడు దీనికి కాలేజీ ఏమిటే" అని ఒకటే ఏడుపు. అక్కని నాలుగు కేకలేసి పెట్టేశాను. ఆ తర్వాత నాకూ నిద్ర పట్టలేదు. మా ఇంటి పిల్ల ఈ వయసులో ఇంత ధైర్యం చేస్తోందని గర్వం ఓ పక్క. ఇంకో పక్క భయం. నీ వయసు గురించి కాదులే. నువ్వు చూసొచ్చిన ఆ కాలేజీ వాళ్లు కోర్సు ఫీజంతా ఒకేసారి కడితే పది శాతం తగ్గిస్తామన్నారట, ఆఖరు తేదీ దగ్గర పడిందట. ఆ మాట వినగానే నా గుండె గుభేలుమంది. ఎందుకో చెబుతాను, ముందు తేలికవి కానియ్యి.

బీడిజైన్ అంటే డిజైన్‌లో డిగ్రీ. దానికి ఇంటర్ పిల్లలు రాసే యూసీడ్ పరీక్షకీ, ఫ్యాషన్ సంస్థ నిఫ్ట్ బీడిజైన్‌కీ, జాతీయ డిజైన్ సంస్థ ఎన్ఐడీ బీడిజైన్‌కీ వయసు పరిమితి ఉంది. అవి వదిలెయ్. నీకు బీకాం ఉంది కనక ఎండిజైన్ చూడు, అంటే డిజైన్‌లో పీజీ. దానికి సీడ్ అనే పరీక్ష ఉంది, ఐఐటీ బొంబాయి వాళ్లు పెడతారు. వయసు అడ్డు లేదు, ఎన్నిసార్లైనా రాయొచ్చు, ఇంటర్ తర్వాత మూడేళ్ల డిగ్రీ ఉంటే కూర్చోనిస్తారు. వచ్చిన స్కోరు ఒక్క ఏడాదే చెల్లుతుంది. కానీ పరీక్ష రాయనివ్వడం వేరు, సీటివ్వడం వేరు. ఒక్కో సంస్థ తన అర్హతలు తనే పెట్టుకుంటుంది. కొన్నిచోట్ల ఇంజనీరింగో ఆర్కిటెక్చరో ఉండాలంటారు. మూడేళ్ల బీకాంని ఎవరు ఒప్పుకుంటారో ముందే చూసి రాసిపెట్టుకో. కందిలోని ఐఐటీ హైదరాబాద్‌లో డిజైన్ విభాగం ఉంది, అక్కడి నిబంధనలతో మొదలుపెట్టు.

ఇక కాగితం సంగతి. 1956 నాటి యూజీసీ, అంటే యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్ చట్టం ప్రకారం డిగ్రీ ఇచ్చే హక్కు యూనివర్సిటీలకీ, పార్లమెంటు ప్రత్యేకంగా అధికారం ఇచ్చిన సంస్థలకీ తప్ప ఇంకెవరికీ లేదు. అంత పేరున్న అహ్మదాబాదు ఎన్ఐడీకే ఆ అధికారం 2014 చట్టంతో వచ్చింది, అంతకుముందు వాళ్లూ డిప్లొమాయే ఇచ్చేవాళ్లు. మన ఆంధ్రప్రదేశ్ ఎన్ఐడీకైతే 2019లో. కాబట్టి ఎవరైనా "విదేశీ గుర్తింపు" అంటే, ఏ యూనివర్సిటీ, సర్టిఫికెట్ మీద ఎవరి పేరు అచ్చవుతుంది అని రాతపూర్వకంగా అడుగు. నోటిమాట వద్దు. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరికీ ఇవ్వకు. వాటిని అట్టిపెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే చెప్పింది.

ఇప్పుడు మీ బాబాయి సంగతి. నీకు సగమే తెలుసు.

బెజవాడలో ఆయన షాపుల బోర్డులు రాసేవారని నీకు గుర్తుందో లేదో. దారానికి సుద్దపొడి పట్టించి రేకు మీద గీత కొట్టి, ఎనామిల్ పెయింట్‌తో తెలుగు అక్షరం దించితే రోడ్డుకి అవతలి నుంచి కూడా చదవగలిగేవాళ్లు. తర్వాత ఫ్లెక్సీ మెషీన్లు దిగాయి. ఏడాది తిరిగేసరికి బోర్డు రాయమని వచ్చేవాళ్లే లేరు. సరే, కంప్యూటర్ మీదే నేర్చుకుంటానన్నారు. అప్పటికి ఆయనది ఇంచుమించు ఇప్పుడు నీ వయసే. ఊళ్లో ఓ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు "అడ్వాన్స్‌డ్ డిప్లొమా" అని నున్నటి రంగుల పుస్తకం చేతిలో పెట్టారు. మొత్తం ఒకేసారి కడితే తగ్గింపు అన్నారు. నా గాజులు బ్యాంకులో పెట్టి కట్టేసొచ్చారు. లోపల క్లాసెలా ఉంటుందో చూడలేదు. ముందు బ్యాచ్ పిల్లల్లో ఒక్కరితో మాట్లాడలేదు. చెప్పేది ఎవరని కూడా అడగలేదు.

అక్కడ నేర్పింది మెనూలు. ఏ బటన్ నొక్కితే ఏమొస్తుందో అంతే. ఓ రోజు ఆ పంతులు తెలుగు అక్షరాన్ని పట్టుకుని అడ్డంగా సాగదీసి "చూశారా, ఇలా హెడ్డింగ్ అయిపోతుంది" అన్నాడట. అలా సాగదీస్తే నిలువు గీత లావెక్కి అడ్డగీత సన్నంగానే ఉండిపోతుంది, అక్షరం వికారంగా తయారవుతుంది. అది ఆ గదిలో తెలిసిన మనిషి ఈయనొక్కరే. నోరెత్తలేదు! చుట్టూ ఇరవయ్యేళ్ల పిల్లలు. రంగు డబ్బాల మనిషినని తెలిస్తే నవ్వుతారని వెనక బెంచీలో కూర్చున్నారు. కోర్సు సగంలో ఉండగా ఓ సోమవారం వెళ్తే తాళం. బోర్డు కూడా పీకేశారు.

డబ్బు పోయింది, గాజులు తర్వాత విడిపించుకున్నాం. కానీ అన్నాళ్లూ ఆయన తన చేతిలో ఉన్న విద్యని సంచిలో దాచుకుని, ఏమీ రానివాడిలా కూర్చోవడం ఉంది చూడు, దానికి నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది. చివరికి ఆయనకి పనిచ్చింది ఓ ప్రెస్సు. అక్షరం చూసే ఇచ్చారు. సాఫ్ట్‌వేర్ అక్కడి ఆపరేటర్ కుర్రాడే నేర్పాడు.

ఇదంతా ఎందుకంటే, నువ్వూ అదే చేస్తావని నా అనుమానం. "నాదంతా అకౌంట్సే పిన్నీ, నాకేం వచ్చు" అంటావు. మీ ఆఫీసులో వోచర్ ఫారం మార్చి, తప్పులు తగ్గాయని మురిసిపోయావే, అది డిజైన్ కాక మరేమిటి? పాత ఫారం, కొత్త ఫారం పక్కపక్కన పెట్టు. జనం ఎక్కడ తప్పు రాసేవాళ్లో ఎర్ర పెన్నుతో చూపించు. నీ పనులన్నీ చూపించే పోర్ట్‌ఫోలియోలో మొదటి పేజీ అదే. నువ్వు వేసిన శుభలేఖలు తర్వాత. 1958లో చార్లెస్, రే ఈమ్స్ అనే డిజైనర్ దంపతులు మన ప్రభుత్వం పిలిస్తే అమెరికా నుంచి వచ్చి, దేశమంతా తిరిగి ఓ నివేదిక రాశారు. ఎన్ఐడీ 1961లో పుట్టింది అందులోంచే. మన దగ్గర చూసిన వస్తువులన్నిట్లోకీ వాళ్లు మెచ్చింది ఏమిటో తెలుసా, చెంబు. నీళ్లెన్ని పట్టాలి, చంకనో నెత్తినో పెట్టుకుంటే బరువెటు ఒరుగుతుంది, వంచితే ధార ఎలా పడుతుంది, తోమేటప్పుడు లోపలికి చెయ్యి పడుతుందా అని ఆలోచించారు. ఇల్లు నడిపిన మనిషివి, ఈ ప్రశ్నలు నీకు ఒకరు నేర్పాలా?

గీయడం మాత్రం సాధన చెయ్యాలి. సీడ్‌లో రెండో భాగం చేత్తో గీసేదే. పిల్ల పడుకున్నాక రోజూ ఓ అరగంట కుక్కర్‌నో కుట్టుమిషన్‌నో గీయి.

కాలేజీకి మళ్లీ వెళ్లు, ఆదివారం కాదు, క్లాసులు జరిగే రోజున. ఆఖరి సంవత్సరం పిల్లలు చేసిన పని చూపించమను. అన్నీ ఒకే పోతలో ఉన్నాయనుకో, తిరిగొచ్చెయ్. ఏ ఇద్దరి పనీ ఒకేలా లేకపోతే కాసేపు కూర్చుని ఆ పిల్లలతో మాట్లాడు. రోజూ వచ్చి చెప్పేవాళ్లు ఎందరు, నెలకోసారి కారులో వచ్చి పోయేవాళ్లు ఎందరు అని అడుగు. నీలా పెళ్లై, ఉద్యోగం చేసి వచ్చినవాళ్లు ఉన్నారా, చివరిదాకా ఉన్నారా, మధ్యలో మానేశారా అన్నది మరీ ముఖ్యం. పాలిటెక్నిక్‌లో కుట్టు నేర్చుకోడానికి నా దగ్గరికి అలా వచ్చిన ఆడపిల్లల్లో బట్ట కత్తిరింపులో తప్పినవాళ్లు తక్కువ. అందరిలోకీ బాగా చేసేవాళ్లే, బిడ్డకి జ్వరం వచ్చిన వారం సబ్మిషన్ తేదీ జరపమని అడగడానికి సిగ్గుపడి మానేశారు. నువ్వు అడుగు. వాళ్లు విసుక్కుంటే విసుక్కోనీ.

బంగారం ముట్టుకోకు. మీ అత్తగారిది అసలే వద్దు. విద్యారుణానికి వెళ్లు, వడ్డీ లెక్కలూ, ఆ వడ్డీ మీద పన్ను మినహాయింపూ నువ్వే నాకు చెప్పాలి. ఫీజు మాత్రం సెమిస్టర్‌కి సెమిస్టర్ కట్టు, పది శాతం పోతే పోయింది. పిల్ల సంగతి నేను చూసుకుంటాను. పరీక్షల నెలల్లో మా ఇంటికి పంపించు. అక్కతోనూ నేనే మాట్లాడతాను.

కట్టే ముందు రోజు ఫోన్ చెయ్యి. రాత్రి పదైనా పర్లేదు.

మీ పిన్ని

తా.క.: నువ్వు పంపిన శుభలేఖ మీ బాబాయి కళ్లజోడు పెట్టుకుని మరీ చూశారు. 'శ్రీ'లో క్రావడి, అదే ర ఒత్తు, మరీ పొడుగు లాగావట, కింద వరుసలో పేరుకి తగులుతోందట. మిగతాదంతా తన దగ్గర నేర్చుకున్నట్టే ఉందని నాలుగిళ్లకీ చూపిస్తున్నారు.