బయోస్ మోడ్ చేశాక కూడా ఎన్‌వీఎంఈ నుంచి విండోస్ బూట్ కాకపోతే

పాత బోర్డు బయోస్‌ను (కంప్యూటర్‌ను మొదట లేపే ప్రోగ్రామ్) మోడ్ చేసి, అంటే మార్చి, ఫ్లాష్ చేశాక (బోర్డులోకి ఎక్కించాక) కూడా ఎన్‌వీఎంఈ కార్డు (వేగంగా పనిచేసే ఎస్‌ఎస్‌డీ) నుంచి విండోస్ బూట్ కావట్లేదని, బూట్ లిస్టులో ‘పాటా’ (పాత రకం డిస్కు కనెక్షన్ పేరు) అని మాత్రమే వస్తోందని అడిగారు కదా, అదే మీ కార్డు. చాలా పాత బోర్డుల్లో మోడల్ పేరు రాదు. అంటే ఫ్లాష్ బాగానే అయింది. బూట్ ఫైళ్లే పాత సాటా (కేబుల్‌తో తగిలించే) డిస్కులో ఉండిపోయినట్టున్నాయి.

1. బయోస్‌లో సీఎస్ఎం (పాత పద్ధతి బూట్‌కు వీలిచ్చే సెట్టింగ్) ఆఫ్ చేయండి. గ్రాఫిక్స్ కార్డు మరీ పాతదైతే తెర నల్లబడుతుంది. అలాంటి కార్డైతే సీఎస్ఎం ఆన్‌లోనే ఉంచి, అందులోని స్టోరేజ్ ఆప్షన్ ఒక్కటే యూఈఎఫ్ఐకి (కొత్త బూట్ పద్ధతి) మార్చండి.

2. సాటా డిస్కుల కేబుళ్లన్నీ పీకేయండి. అందరూ వదిలేసేది ఇదే. కేబుల్ ఉంటే విండోస్ కొత్త కార్డులోకి ఎక్కినా బూట్ ఫైళ్లను పాత డిస్కులోనే పెట్టేయొచ్చు. నేనూ ఓ రాత్రంతా పాపం బయోస్‌నే తిట్టుకున్నా.

3. విండోస్ ఇన్‌స్టాలర్ ఉన్న పెన్‌డ్రైవ్ పెట్టి, బూట్ మెనూలో దాని పేరుకు ముందు ‘యూఈఎఫ్ఐ’ అని ఉన్నదాన్నే ఎంచుకోండి.

4. ఎన్‌వీఎంఈ కార్డులో పార్టిషన్లన్నీ తీసేసి (డేటా పోతుంది, బ్యాకప్ తీసుకోండి) ఇన్‌స్టాల్ చేయండి.

తర్వాత లిస్టులో ‘విండోస్ బూట్ మేనేజర్’ కనిపిస్తుంది, దాన్ని మొదట పెట్టండి. మళ్లీ ఫ్లాష్ మాత్రం చేయొద్దు.