ఒకే తొట్టెలో రెండు సిక్లిడ్ జంటలు

ప్రశ్న: మా నాలుగడుగుల అక్వేరియంలో సిక్లిడ్ కుటుంబపు చేపలైన కాన్విక్ట్ జంట, ఫైర్‌మౌత్ జంట ఇంతకాలం సఖ్యంగానే ఉన్నాయి. కాన్విక్ట్‌లు గుడ్లు పెట్టినప్పటి నుంచి ఫైర్‌మౌత్‌లను తరిమి, రెక్కలు చింపుతున్నాయి. రెండింటినీ కలిపి ఉంచవచ్చునా?

జవాబు: ఇప్పటికిప్పుడు మాత్రం ఉంచరాదు. ఫైర్‌మౌత్ మొప్ప మూతలను విప్పి, ఎర్రని గొంతును ఉబ్బించి బెదిరిస్తుందే గాని, దాని పోరాటంలో చాలాభాగం ఆర్భాటమే. పరిమాణంలో చిన్నదైనా కాన్విక్ట్ ఆ ఆర్భాటాన్ని లెక్కచేయక నేరుగా కరుస్తుంది. గుడ్లు సుమారు 3 రోజుల్లో చిట్లి, పిల్లలు వారంలోగా ఈదడం మొదలుపెట్టాక తల్లిదండ్రులు కాపలా కాసే మేర ఇంకా పెరుగుతుంది కనుక, దెబ్బతిన్న జంటను నేడే వేరే తొట్టెలోకి మార్చండి, లేదా నీరు పారే రంధ్రాలున్న అడ్డుపలకను నిలపండి.

తిరిగి కలపదలిస్తే, రెండు చివరలా గుహలు అమర్చి, నడుమ ఒక జంట మరొకదానికి కనబడనంత ఎత్తున రాళ్లను తొట్టె అడుగుపైనే ఆనించి పేర్చండి. ఇసుకపై పేరిస్తే ఈ చేపలు తవ్వి కూల్చేస్తాయి. పాత అమరికను పూర్తిగా మార్చిన తర్వాతే చేపలను వదలాలి, అప్పుడే పాత హద్దులు చెదురుతాయి. అయినా ఒక చేప నీటి పైభాగాన మూలకు నక్కి, మేతకు కూడా రాకుంటే, విడదీయడమే మేలు.