వాగు ఒడ్డు బాయి ఎండుతోంది, 600 అడుగుల బోరు వేయాలా?

ప్రశ్న: మాది ఆదిలాబాద్ జిల్లా తలమడుగు మండలం, మహారాష్ట్ర బార్డర్ దగ్గర. వాగు పక్కన 5 ఎకరాలు, 40 అడుగుల బాయి. సోయా తీశాక 2 ఎకరాల్లో యాసంగి వరి, 3 ఎకరాల్లో శనగ వేస్తా. పక్క చేనులో బోరు పడ్డప్పటి నుంచి మాఘంలోనే బాయి అడుగంటుతోంది. 600 అడుగులు వేయిస్తే నీళ్లు పడతాయా?

జవాబు: వద్దన్నా. అప్పు తెచ్చి అయితే అస్సలు వద్దు. మీ వైపు చాలా చోట్ల నల్లరేగడి కింద మొరం, దాని కింద బసాల్ట్ నల్లరాయి. నీళ్లుండేది ఎక్కువగా ఆ మొరంలో, రాయి నెర్రెల్లో, ఒక లావా పొర మీద ఇంకో పొర కూర్చున్న సందుల్లో. లోతుకు పోయేకొద్దీ నెర్రెలు తగ్గుతాయి. దుమ్ము తప్ప చుక్క నీళ్లు రాని బోర్లు మీ ఊళ్లోనూ ఉండే ఉంటాయి.

ముందు ఒక రాత్రంతా మీ మోటారు, పక్కాయన బోరు మోటారు రెండూ ఆపి, పొద్దున్నే తాడుకు రాయి కట్టి బాయిలోకి వదిలి, రాయి నీళ్లను తాకగానే ఒడ్డు దగ్గర తాడుకు ముడి వేయండి. మీది ఆపే ఉంచి, పక్కాయన బోరు 4 గంటలు నడిచాక మళ్లీ వదలండి. ముడి ఒడ్డు దాటి కిందికి పోయాక గానీ రాయి నీళ్లను తాకకపోతే ఇద్దరిదీ ఒకే ఊట, అప్పుడు రోజు విడిచి రోజు వంతులు పెట్టుకోవడమే దారి. ఆ ముడి దగ్గరే తాకితే ఆయన్ని తిట్టుకోవడం ఆపి మీ వరి సంగతి చూడండి. ఎకరంలో ఒక మిల్లీమీటరు నీళ్లు నిలిపితే సుమారు 4 వేల లీటర్లు. వరికి మొత్తం 1,200 మిల్లీమీటర్లు అనుకుంటే 48 లక్షల లీటర్లు, అదే శనగకు 50 మిల్లీమీటర్ల చొప్పున రెండు తడులిచ్చినా 4 లక్షలే. వరి మడిలో కొంత మళ్లీ కిందికి ఇంకుతుంది నిజమే, కానీ రేగడిలో అది తక్కువ. శనగకు పూతకు ముందొకటి, కాయ ఊరేటప్పుడొకటి చాలు, ఎక్కువైతే ఏపుగా పెరిగి కాయ తగ్గుతుంది.

వాగులో ఇంజన్ పెట్టి తోడటం కూడా మీ బాయి నీళ్లు తోడుకోవడమే. వానలు వెనకబట్టి ధార సన్నబడగానే, అంటే అక్టోబర్ ఆఖరుకల్లా, ఇసుక బస్తాలతో అడ్డుకట్ట వేయండి, నిలిచిన నీళ్లు మెల్లగా పక్కలకు ఇంకుతాయి. ముందే వేస్తే వరదకు కొట్టుకుపోతుంది.

అప్పటికీ బోరే కావాలంటే వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ప్రకారం అనుమతి తీసుకుని, జియాలజిస్టుతో సర్వే చేయించండి. కొబ్బరికాయ చేతిలో పట్టుకుని తిరిగేవాళ్ల లెక్క నేనైతే నమ్మను. సంక్రాంతి నుంచి వారానికోసారి తాడు వదిలి, ఎన్ని అడుగుల్లో నీళ్లు తగిలాయో రాసి పంపండి, వచ్చే ఏడు శనగ ఎన్ని ఎకరాలకు పెంచొచ్చో చెబుతా.